పాత మైకు మహత్యం

శ్రీరామనవమి రేపనగా పాత మైకు ప్రాణం వదిలేసింది.

మలికిపురం మెయిన్ రోడ్డులో, కొబ్బరికాయల కొట్టు పక్కనున్న తన సౌండ్ సర్వీసు షాపులో వీరవేణి దాన్ని విప్పి బల్ల మీద పరుచుకుని కూర్చుంది. పైనున్న ఉక్కు జాలీ తీసి పక్కన పెట్టింది. లోపల వెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్ట తెగిపోయి, చిలుమెక్కి పచ్చబడి ఉంది. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో ఉప్పుగాలి దేన్నీ వదలదు. దీన్ని ఇన్నేళ్ళు ఎలా వదిలిందన్నదే వింత.

"అతుకుద్దా?" అన్నాడు భర్త వీరబాబు, వ్యానులోకి వైర్ల చుట్టలు ఎక్కిస్తూనే.

"అతకదు. దీని పనయిపోయింది."

"మరి అమ్మగారికి ఎవరు చెప్తారు?"

వీరవేణి జాలీని చీరచెంగుతో తుడవడం మొదలెట్టింది.

అమ్మగారంటే సత్యనారాయణమ్మ. రాజోలు చుట్టుపక్కల హరికథంటే ఆవిడే. డెబ్భై దాటేక కూడా కాళ్ళకి గజ్జెలు కట్టి, చేత్తో చిరతలు పట్టి పందిట్లో నిలబడితే వెనక వరసలో వేరుశనక్కాయలు ఒలుచుకునేవాళ్ళు కూడా చేతులు ఆపేసేవారు. వీరవేణి తండ్రి ఈ షాపు నడిపిన రోజుల నుంచీ ఆవిడకి ఈ మైకే. ఇంకో మైకు ముందు పెడితే "ఇది నా గొంతు కాదమ్మా" అని పక్కకి జరిగిపోయేది.

వీరవేణి దగ్గర మంచి కొత్త మైకు ఉంది. నల్లగా, చిన్నగా, చేతిలో పడితే బరువే తెలీదు. కువైట్‌లో పనిచేసి వచ్చిన డబ్బుతో మిక్సరూ బాక్సులూ కొన్నప్పుడు దాన్ని ఏరి మరీ తెచ్చుకుంది. పాతదానికంటే ఇదే నయమని ఆమెకి బాగా తెలుసు. చెవి విషయంలో వీరవేణికి అనుమానాల్లేవు. ఏ బాక్సు గరగరలాడుతోందో, ఏ వైరు వదులైందో పందిరి అవతల నిలబడి చెప్పేసేది. అమలాపురం నుంచి సౌండ్ వాళ్ళు కూడా ఫోను చేసి అడిగేవారు.

"బాగుకిచ్చేనని చెప్తాలే," అంది చివరికి. "ఒక్కసారి కొత్తదాన్లో పాడితే ఆవిడే వదలదు."

* * *

సఖినేటిపల్లి రేవుకి దగ్గర్లో కొబ్బరాకుల పందిరి. మధ్యాహ్నం కల్యాణమైపోయి, పానకం బిందెలు కడిగి బోర్లించేరు. సాయంత్రం ఎండ దిగేక మొదటి రోజు కథ.

సత్యనారాయణమ్మ మనవరాలు సౌజన్య చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కింది. ఆకుపచ్చ పట్టుచీర, నడుముకి ఉత్తరీయం. మైకు చూడగానే ఆగిపోయింది.

"ఇదేవిటే వేణీ, ఇది కొత్తదిలా ఉందే?"

"పాతది బాగుకిచ్చేనండి. ఈ పూటకి దీంతో సర్దుకోండి. చాలా మంచిదండి."

ఆవిడ ముందుకి వంగి చిన్నగా ఓ రాగం ఎత్తుకుంది. బాక్సుల్లోంచి వచ్చిన తన గొంతు వింటూ మొహం చిట్లించింది. "రేకు డబ్బాలో మాట్లాడినట్టుంది. గొంతు పల్చబడిపోయింది చూడు," అంది. ఇంకేమీ అనలేదు. అలా అనకపోవడమే వీరవేణికి బాధనిపించింది.

మిక్సరు దగ్గరికొచ్చి కూర్చుందో లేదో, ఉత్సవ కమిటీ ప్రెసిడెంటు బంగారరాజు కుర్చీ లాక్కుని పక్కన చేరేడు. తెల్లటి చొక్కా మడత నలగకుండా జాగ్రత్తగా కూర్చుని, చెవి దగ్గరకొచ్చి చెప్పేడు. "పెద్దావిడ కదమ్మా, గొంతెక్కడుంటదింక? మొన్న ఫోన్లో మాట్లాడినప్పుడే అనుకున్నాను. మాట వణుకుతోంది. ఏదో పూర్వం నుంచీ వస్తున్నారని కాదనలేక పెట్టేం."

"లేదండీ, బానే పాడతారండి," అంది వీరవేణి.

కథ మొదలైంది. గణపతి ప్రార్థన రెండో పాదంలోనే వీరవేణికి వణుకు వినిపించింది. పై స్థాయికి పోతే చివర సన్నటి చీలిక. మాట విరిచిన చోట గాలి. ఇది ఇంతకు ముందు లేదే అనుకుని, మిక్సరు మీద నాబ్‌లు తిప్పింది. బేస్ కొంచెం పెంచింది, ఎకో కలిపింది. అయినా ఆ వణుకు పోలేదు. పక్కనుంచి బంగారరాజు "విన్నావా?" అన్నట్టు కళ్ళెగరేసేడు. వీరవేణి తల దించుకుంది.

వేదిక మీద అమ్మగారు ప్రతి పద్యం తర్వాతా మైకుకేసి ఓసారి అనుమానంగా చూసి, అరడుగు వెనక్కి జరుగుతోంది. చిరతల చప్పుడు గొంతుని కప్పేస్తోంది. కల్యాణ ఘట్టంలో ఎప్పుడూ జనాన్ని నవ్వించే చోట ఆవిడ తొందరపడి దాటేసింది. వెనక వరసల్లో పిల్లల్ని లేపుకుని ఒక్కొక్కరే ఇళ్ళకి బయల్దేరేరు.

కథయ్యేక బంగారరాజు వీరవేణిని పందిరి గుంజ దగ్గరికి పిలిచేడు. "రేపు అడవికి పోయే ఘట్టం, పట్టాభిషేకం రెండూ కలిపి కానిచ్చెయ్యమందాం. మూడో రోజుకి అమలాపురం పాటకచేరి వాళ్ళని మాట్లాడతాను. అమ్మగారు నొచ్చుకోకుండా నువ్వు చెప్పమ్మా. ఆడవాళ్ళు ఆడవాళ్ళు ఒకటి."

"నేనాండీ?"

"నీ మాటైతే వింటారు."

చెప్పాల్సిన పని లేకపోయింది. వ్యానులో ముందు సీట్లో కూర్చున్న సత్యనారాయణమ్మ గజ్జెలు ఒళ్ళో పెట్టుకుని, రాజోలు దారిలో కాలవ పక్క నుంచి పోతుండగా తనే అంది. "నాకు వినపడ్డాయే రాజుగారి మాటలు. ఆయన్ననుకుని ఏం లాభం? నా చెవికి నాకే తెలిసింది. ఈ నవమితో చాలించేస్తాను. ఎవరో దింపేలోగా మనమే దిగిపోవడం మర్యాద."

వెనక సీట్లోంచి సౌజన్య "అమ్మమ్మా!" అంది. వీరబాబు అద్దంలోంచి భార్యకేసి చూసేడు. వీరవేణి కిటికీలోంచి చీకటి కాలవకేసి చూస్తూ కూర్చుంది. పాత మైకు ఉంటే ఇలా అయ్యేది కాదు కదా అన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనకి తనే ఉలిక్కిపడింది. కొత్తదే మంచిదని రూఢిగా తెలిసిన మనిషి తను!

* * *

మర్నాడు పొద్దున్నే పాత మైకుని మళ్ళీ బల్ల మీదకి తెచ్చింది. తెగిన చుట్టని అలాగే లోపల ఉంచేసి, జాలీ బిగించింది. పళ్ళపొడి వేసి ఉక్కు మెరిసేలా తోమింది. వీరబాబు టీ గ్లాసు పట్టుకుని వాకిట్లో నిలబడి చూస్తున్నాడు.

"చచ్చిపోయినదానికి సింగారమేవిటే?"

"స్టాండు మీద దీన్ని పెడదాం. దీని మెడ కిందే కొత్తదాన్ని కట్టి, బంతిపూల దండ చుట్టేద్దాం. పాడేది అందులోకి, కనపడేది ఇది."

"అమ్మగారిని మోసం చేద్దామంటావు."

"మందు చేదుగా ఉంటే బెల్లంలో పెట్టి మింగించరా?" అంది వీరవేణి. ఆ మాట తనకే నచ్చి నవ్వింది.

వీరబాబు ముందే పందిరికి పోయి వైర్లు కలిపి, "హలో హలో" అని చూసి, శబ్దం సరిపెట్టి ఉంచేడు. వీరవేణి రాజోలు వెళ్ళి అమ్మగారిని తీసుకొచ్చింది. వేదిక మెట్టు మీద కాలు పెట్టి, తలెత్తి, మెరుస్తున్న ఉక్కు జాలీని చూసింది. మొహంలో ఏదో వెలిగినట్టయింది.

"వచ్చేవా తల్లీ," అంది. దగ్గరికెళ్ళి రెండు వేళ్ళతో మైకుని తాకి కళ్ళకద్దుకుంది. వీరవేణి మిక్సరుకేసి మొహం తిప్పుకుంది. కానీ వెనక్కి పోయే దారి లేదు.

ఆ సాయంత్రం ప్రార్థన మొదటి పాదానికే పందిరి సర్దుకుని కూర్చుంది.

గొంతు దిగువ నుంచి నిండుగా లేచింది. వీరవేణి మిక్సరు మీదకి వంగి, అమ్మగారి మైకు ఎప్పుడూ ఉండే మొదటి లైను నాబ్‌లు పట్టుకుంది. బేస్ ఓ పిసరు పెంచింది. గొంతు ఇంకా చిక్కబడింది. ట్రిబుల్ తగ్గించింది. నిన్నటి చీలిక మాయమైపోయింది. ఎకో కొద్దిగా, చిటికెడు ఉప్పు వేసినట్టు కలిపింది. అబ్బ! పాయసంలా ఉందనుకుంది. అమ్మగారు పైకి పోయినప్పుడల్లా వీరవేణి వేళ్ళు కూడా పోతున్నాయి. కిందకి దిగితే దిగుతున్నాయి. ఆవిడా తనూ కలిసి ఒకే కథ చెబుతున్నట్టుంది. ఇంత బాగా మిక్సింగు ఎప్పుడు చేసేననుకుని వీరవేణి లోపల్లోపలే మురిసిపోయింది.

తల్లికి చెప్పి అడవికి బయల్దేరే చోట సత్యనారాయణమ్మ చిరతలు ఆపేసింది. గజ్జెల చప్పుడు లేదు. ఒక్క మాటని అలా పట్టి నిలబెట్టింది. ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. వెంటనే ఆవిడే వాళ్ళకేసి చూసి "ఏడవకండమ్మా, మీ ఆయన్ని కాదు అడవికి పంపింది" అంది. పందిరంతా గొల్లుమంది.

కథ అయ్యేక బంగారరాజు మిక్సరు దగ్గరికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చేడు. "చూసేవా? చూసేవా? అదీ పాత మైకు మహత్యం! ఆ రోజుల సరుకే వేరు. నిన్నటి దాంట్లో ఏవుంది, దోమ మూలిగినట్టు మూలిగింది. పాటకచేరి వాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను. రేపు పట్టాభిషేకం అమ్మగారే."

"ఆయ్, అలాగేనండి," అంది వీరవేణి. నవ్వు ఆపుకోవడానికి వైరు చుట్టడం మొదలెట్టింది.

* * *

మర్నాడు పొద్దున్న షాపు తీస్తుండగానే సత్యనారాయణమ్మ ఫోను చేసింది. గొంతులో ఉత్సాహం పొంగుతోంది.

"వేణీ, ఆ మైకు నాకిచ్చెయ్యవే. వచ్చే నెల అంబాజీపేటలో సౌజన్య మొదటి కథ చెప్తోంది కదా, దానికిస్తాను. ఇప్పుడే చెప్పేను దానికి, కొత్త మైకుల జోలికి పోతే గొంతు పాడైపోతుందే అని. ఈ మైకు ఉంటేనే పాడు, లేకపోతే మానెయ్యమన్నాను."

"అలాగేనండి," అని ఫోన్ పెట్టేసింది వీరవేణి. బెల్లంలో పెట్టిన మందు అనుకుంది తను. ఆ బెల్లాన్నే మందనుకుని మనవరాలికి కూడా పెట్టబోతోంది ఆవిడ.

వీరబాబు వ్యానులోంచి మిక్సరు దింపుతున్నాడు. వైర్లు ఇంకా దానికే ఉన్నాయి. వీరవేణి ఊరికే, చేతికి పని కోసం, మొదటి లైను వైరు పట్టుకుని చివరిదాకా లాగింది. చివర పాత మైకు ఉంది.

"ఏవండీ, ఇది మొదటి లైన్లో ఉందేవిటి?"

"నేనే పెట్టేను. ఎప్పుడూ ఉండే జాగా అదే కదా. అమ్మగారు వైరెటుపోతోందో చూస్తారేమోనని. కొత్తదాన్ని రెండో లైన్లో గుచ్చి, శబ్దం నేనే సరిపెట్టేసేను. నీకు చెప్పలేదా?"

"చెప్పలేదు."

"మరి బ్రహ్మాండంగా వచ్చింది కదా?"

వీరవేణి అక్కడే బల్ల అంచుమీద కూర్చుండిపోయింది. నిన్న సాయంత్రమంతా తను పట్టుకు తిప్పింది మొదటి లైను నాబ్‌లే. బేస్ పెంచింది చచ్చిపోయిన మైకుకి. ఎకో కలిపింది దానికే. అమ్మగారి గొంతు రెండో లైన్లోంచి, ఎవరూ ముట్టుకోకుండా, ఉన్నదున్నట్టు వచ్చింది. కానీ చిక్కబడటం తను విన్నది! చీలిక పోవడం విన్నది! చెవులతో, ఇదిగో ఈ చెవులతో విన్నది.

మొదట సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. నవ్వు ఆగేసరికి లోపల ఇంకో మాట మెదిలింది. మొన్న విన్న వణుకు? అది కూడా ఇలాంటిదే కాదు కదా? బంగారరాజు గారు చెవిలో ఊదకముందు తనకి అది వినపడిందా?

"బండి తాళం ఇవ్వండి," అంది లేస్తూ. "రాజోలు వెళ్ళొస్తాను."

* * *

సత్యనారాయణమ్మ అరుగు మీద కూర్చుని, ఊడిన గజ్జెల్ని మళ్ళీ పట్టీకి కుడుతోంది. వీరవేణి నిలబడే చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేననిపించింది. పాతది బాగవలేదని, ఇంక బాగవదని, పూలదండ కింద కొత్తదే ఉందని, అబద్ధమాడేనని.

సూది ఆగలేదు. ఓ గజ్జె కుట్టడం పూర్తయి, దారం పంటితో తెంపేదాకా ఆవిడ తలెత్తలేదు. గుమ్మంలో సౌజన్య నిలబడిపోయింది.

"అయితే నిన్న నేను పాడింది?"

"కొత్తదాన్లోనండి."

"మొన్నా అదేగా?"

"ఆయ్, అదేనండి."

"మొన్న గొంతు పల్చగా ఉంది. నిన్న నిండుగా ఉంది. రెండూ నేను విన్నాను. నువ్వేమైనా తిప్పేవా?"

"తిప్పేనండి. చాలా తిప్పేను. నా వల్లే బావుందనుకున్నాను కూడానండి." వీరవేణి నీళ్ళు నమిలింది. "కానీ నేను తిప్పినవి ఆ చచ్చిపోయిన మైకువండి. ఇందాకే తెలిసింది."

సత్యనారాయణమ్మ నోట్లో దారం ముక్క అలాగే ఉండిపోయింది. కోపం వస్తుందని వీరవేణి ఎదురుచూసింది. ఆవిడకి కోపం వచ్చింది కూడా. మొహం ఎర్రబడింది. "నా కళ్ళకి గంతలు కట్టి ఆడించేవన్నమాట," అంది. "నీ తండ్రైతే ఈ పని చేసేవాడు కాదు."

"చేసేవాడు కాదండి."

"దాన్ని కళ్ళకద్దుకున్నాను కూడాను."

వీరవేణి తల వంచుకుంది. ఎదురింటి పెరట్లో ఎవరో కొబ్బరికాయలు దింపుతున్నారు. ఒక్కొక్కటీ దబ్బుమని పడుతోంది.

"రెండు రోజులూ ఎక్కించేవా అందులోకి?" అంది సత్యనారాయణమ్మ ఉన్నట్టుండి. యూట్యూబ్‌లో పెట్టడానికి వీరవేణి ప్రతి కథా మెమొరీ కార్డులోకి ఎక్కిస్తుందని ఆవిడకి తెలుసు.

"ఎక్కించేనండి. మిక్సరు తిప్పుళ్ళేవీ దాన్లో పడవు, మైకులోంచి వచ్చింది వచ్చినట్టే ఉంటుంది."

"వినిపించు. ప్రార్థన ఒక్కటే చాలు. రెండు రోజులూ ఒకటే పాడేను కదా. సౌజన్యా, నువ్వు పెట్టు. ఏది ఏ రోజుదో మాకు చెప్పకు."

సౌజన్య కార్డు తన ఫోనులో పెట్టుకుని, చిన్న స్పీకరు పెట్టె అరుగు మీద ఉంచి, వాళ్ళకి వీపు పెట్టి కూర్చుంది. మొదటిది మోగింది. సత్యనారాయణమ్మ కళ్ళు మూసుకుని వింది. వీరవేణి కూడా మూసుకుంది. ప్రార్థన అయింది. సౌజన్య ఫోను మీద ఏదో వెతుక్కుని, మళ్ళీ నొక్కింది. రెండోది మోగింది.

అది అవుతుండగానే సత్యనారాయణమ్మ తలాడించింది. "ఇదీ నిన్నటిది. చూడు, ఆ రెండో పాదంలో ఎంత బరువుందో. మొదటిదాంట్లో అది లేదు."

"ఆయ్, రెండోదే నిన్నటిదండి," అంది వీరవేణి. అనుమానం లేకుండానే అంది. "మొదటిదాంట్లో చివర గాలి పోతోందండి."

సౌజన్య వాళ్ళవైపు తిరిగింది. ఫోనుని ఒకసారి, వాళ్ళని ఒకసారి చూసింది. "అమ్మమ్మా... పొరపాటైంది. రెండు ఫైళ్ళూ ఒకేలా ఉన్నాయి. మళ్ళీ మొదటిదే నొక్కేసేను."

"అంటే?"

"రెండుసార్లూ మీరు విన్నది మొన్నటిదే."

సత్యనారాయణమ్మ చేతిలో పట్టీ ఒళ్ళోకి జారి, గజ్జెలు ఘల్లుమన్నాయి.

"మళ్ళీ పెట్టవే," అంది నెమ్మదిగా. "మొన్నటిదే పెట్టు."

మూడోసారి ఆవిడ కళ్ళు మూసుకోలేదు. ఎదర గోడకేసి చూస్తూ, చూపుడువేలితో తొడ మీద తాళం వేస్తూ వింది. రేకు డబ్బా అన్న గొంతు. ఇంక చాలించేస్తానన్న గొంతు. రెండో పాదం వచ్చింది. ఆ వేలు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. ప్రార్థన అయిపోయింది.

"బానే ఉందే," అంది చివరికి, ఎవరి గొంతు గురించో చెబుతున్నట్టు మొహమాటంగా. "వణుకుంది. ఉంటుంది మరి, వయసొచ్చింది. కానీ బానే ఉంది."

"చాలా బాగుందండి," అంది వీరవేణి. ఈసారి చెవికి ఏం వినిపించిందో తేల్చుకుని కాదు, ఆవిడ మొహం చూసి అంది.

"మొన్న సగం కథ మైకు వంకే చూస్తూ చెప్పేనే," అంది సత్యనారాయణమ్మ. "జనం వంక చూడలేదు. లేచిపోక ఏం చేస్తారు?" పట్టీ తీసుకుని సూదిలో దారం ఎక్కించబోయింది. అది ఎక్కకపోతే మనవరాలికి అందించింది. "ఇదిగో, ఇది ఎక్కించు. అంబాజీపేటలో నీకు ఏ మైకు పెడితే ఆ మైకులో పాడు. తెలిసిందా?"

వీరవేణి సెలవు తీసుకుంటుంటే ఆవిడ వెనక నుంచి పిలిచింది. "సాయంత్రం స్టాండు మీద కొత్తదొక్కటే పెట్టు. పూలూ గీలూ వద్దు. ఇంకోసారి నాతో అబద్ధమాడితే మాత్రం నీ షాపు గుమ్మం తొక్కను."

"ఆయ్," అంది వీరవేణి, చెప్పులేసుకోవడం మరిచిపోయి మెట్లు దిగుతూ.

* * *

పట్టాభిషేకం రోజు పందిరి చాలలేదు. పాత మైకు సంగతి రేవు అవతలిదాకా పాకినట్టుంది. నరసాపురం నుంచి పంటు మీద గోదావరి దాటి కూడా కొందరు వచ్చేరు.

బంగారరాజు స్టాండు మీద నల్లటి చిన్న మైకు చూసి కంగారుపడ్డాడు. "అదేదమ్మా, నిన్నటిది? మళ్ళీ దీన్ని పెట్టేవేవిటి?"

"అమ్మగారే పెట్టమన్నారండి."

"ఆవిడకేం తెలుసు!" అంటూ పక్కన కూర్చున్నాడు. ప్రార్థన మొదలైంది. రెండో పాదం రాగానే మోచేత్తో పొడిచేడు. "విన్నావా? పల్చగా లేదూ?"

ఆయన అలా అన్న మరుక్షణం వీరవేణి చెవిలో ఆ గొంతు నిజంగానే పల్చబడింది. ఆమె అది జరుగుతుండగా పట్టుకుంది. గొంతు మారలేదు, ఆయన మాట వచ్చి దాని మీద కూర్చుందంతే. తెలిసినా చెవి మాట వినలేదు. వేళ్ళు వాటంతటవే నాబ్‌ల మీదకి పోయాయి. వీరవేణి వాటిని వెనక్కి తీసుకుని, రెండు చేతులూ ఒళ్ళో కట్టుకుని కూర్చుంది. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఇంత కష్టమని ఇన్నేళ్ళ పనిలో ఆమెకి తెలీదు.

వేదిక మీద సత్యనారాయణమ్మ మైకుకేసి చూడనే లేదు. జనంలోకే చూసింది. సింహాసనం సిద్ధమైన చోట చిరతలు టక్కున ఆపి, ఉత్తరీయం సర్దుకుని, చిన్న పిట్టకథ చెప్పుకుందామా అంది. చెప్పుకుందామని పందిరి అరిచింది.

"ఒక ఊళ్ళో ఒక ముసలి భాగవతారిణి ఉండేదండి. దానికో పాత మైకంటే ప్రాణం. ఒకరోజు ఆ మైకు కాలం చేసింది. మైకు వేసే అమ్మాయి ఏం చేసిందయ్యా అంటే, చచ్చిన మైకుకి పూలదండ వేసి వేదిక మీద నిలబెట్టింది!"

వీరవేణి మిక్సరు వెనక్కి వంగింది. జనం నవ్వడం మొదలెట్టేరు.

"ముసలిది దాన్ని చూసుకుని ఏనుగు బలంతో పాడేసింది. అబ్బబ్బ, ఈ మైకే మైకన్నారు జనం. ఆ అమ్మాయి తక్కువ తిందా? చచ్చిన మైకు నాబ్‌లు పట్టుకుని సాయంత్రమంతా తిప్పి తిప్పి, ఆహా నా పనితనం అనుకుంది! పాడింది ఎవరో, పలికింది ఏదో, దండ పడింది ఎవరికో!" ఆవిడ తన గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. "ఆ ముసలిది నేనేనండి. ఆ కథ నిన్న ఇక్కడే జరిగిందండి."

పందిరి విరగబడి నవ్వింది. ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వేరు. మిక్సరు కేసి తిరిగి చూసినవాళ్ళందరికీ వీరవేణి లేచి దణ్ణం పెట్టేసింది. ఆ నవ్వు తగ్గేలోపు సత్యనారాయణమ్మ కింది స్థాయిలో పద్యం అందుకుని, నవ్వుతున్న వాళ్ళని నవ్వుతుండగానే పట్టాభిషేకంలోకి లాక్కుపోయింది. గొంతు పైకి పోయినప్పుడు కొంచెం వణికింది. ఆవిడ దాన్ని దాచలేదు. ఎవరూ లేచి వెళ్ళలేదు.

మంగళహారతి అయ్యేక బంగారరాజు శాలువా కప్పి, పళ్ళెంలో తాంబూలం పెట్టి, ఆవిడ పాదాలకి దణ్ణం పెట్టేడు. నవ్వి నవ్వి ఆయన కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. "బ్రహ్మాండమండి అమ్మగారూ. ఆ పిట్టకథ ఉంది చూసేరూ, భలే చెప్పేరండి. వచ్చే ఏడు మూడు రోజులూ మీరే. ఇప్పుడే మాట ఇచ్చేస్తున్నాను."

"సంతోషమండి రాజుగారూ."

ఆయన రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కొచ్చేడు. గొంతు తగ్గించేడు.

"కాకపోతే ఓ చిన్న మాటండి. ఎవరేమనుకున్నా, మొన్నటికీ ఇవాళ్టికీ నిన్నటిదే బావుందండి. ఎంతైనా పాత మైకు పాత మైకేనండి. వచ్చే ఏడు అదే తెచ్చుకోండి."

వైరు చుడుతున్న వీరవేణి చేతులు ఆగిపోయాయి. సత్యనారాయణమ్మ ఆమె వంక చూడలేదు. చూస్తే నవ్వాగదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ శాలువా భుజం మీద సర్దుకుని, ఎంతో వినయంగా తల ఊపింది.

"ఆయ్. తప్పకుండా తెస్తామండి."